నలభై వేలలో పోలోకి అలాయ్స్: ముందు టైరు, తర్వాతే రిమ్ము

మీరు అడిగింది ఇదీ. బండి పోలో జీటీ టీఎస్‌ఐ, మీద ఉన్నవి 15 అంగుళాల కంపెనీ అలాయ్స్. రోజూ హైదరాబాద్‌లో ఆఫీసుకి, ఏడాదికి మూడు నాలుగు సార్లు చెన్నై రేస్ ట్రాక్‌కి. నాలుగు రిమ్ములకి నలభై వేలు దాటకూడదు, టైర్ల డబ్బు వేరే. షాపులో 17 అంగుళాల 7.5జే (అంటే 7.5 అంగుళాల వెడల్పు) రిమ్ము చూపించి "బండి లుక్కే మారిపోద్ది సార్" అన్నారు. లుక్కు మారే మాట నిజమే గానీ మీ వాడకానికి ఆ రిమ్ము పనికిరాదండీ. మీకు కావాల్సింది 16 అంగుళాలు, 7జే, ఈటీ 38 నుంచి 45 లోపు. ఈటీ అంటే ఆఫ్‌సెట్: రిమ్ము వెడల్పు నడిమికీ, బండి హబ్బుకి (చక్రం బిగించే మధ్య భాగానికి) ఆనే ముఖానికీ మధ్య మి.మీ.లలో దూరం. బడ్జెట్ ఇంకా బిగించాలంటే 15×7. 17 జోలికి వెళ్లకండి.

మొదట దూరాల లెక్క చూడండి. ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఒక ల్యాపు 3.7 కిలోమీటర్లు. ఇరవై నిమిషాల సెషన్‌లో మీ బండి ఎనిమిది తొమ్మిది ల్యాపులు తిరుగుతుంది, అంటే ముప్పై కిలోమీటర్ల చిల్లర. నాలుగు సెషన్లు చేసినా 135 దాటదు. అక్కడికి వెళ్లి రావడానికేమో నార్కట్‌పల్లి, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు మీదుగా పన్నెండు వందల కిలోమీటర్ల పైమాట. ఆ దారిలో రాత్రిపూట కనబడని గుంతలు, ఊళ్ల దగ్గర రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి. ట్రాక్ మీద ఒక్క సెకను తగ్గించే రిమ్ము కన్నా, ఆ పన్నెండు వందల కిలోమీటర్లు వంకర పోకుండా తిరిగే రిమ్ము మీకు ముఖ్యం.

ఇక టైరు. చాలామంది రిమ్ము కొనేసి ఆ తర్వాత టైరు వెతుక్కుంటారు. మన దేశంలో అది తలకిందుల పద్ధతి. 2020 జూన్ నుంచి విదేశీ కార్ టైర్ల దిగుమతికి లైసెన్సు కావాలి. అందుకే బయటి దేశాలవాళ్లు పొగిడే ట్రాక్ టైర్లు మీ సైజులో ఇక్కడ దొరక్కపోవచ్చు, దొరికినా పాత సరుకు కావచ్చు. ముందు ఇద్దరు ముగ్గురు పెద్ద టైరు డీలర్లకి ఫోన్ చేసి 195/55 ఆర్16 (195 మి.మీ. వెడల్పు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, 16 అంగుళాల రిమ్ము), 205/50 ఆర్16, 195/55 ఆర్15 సైజుల్లో మెత్తటి కాంపౌండు టైర్లు ఏమున్నాయో అడగండి. పక్కగోడ మీద నాలుగు అంకెల తేదీ కూడా చదివించుకోండి. 1225 అని ఉంటే 2025లో పన్నెండో వారం తయారీ. రెండేళ్లు దాటిన టైరు ఎంత డిస్కౌంటు ఇచ్చినా ట్రాక్‌కి వద్దు, రబ్బరు గట్టిపడి ఉంటుంది. రిమ్ము సైజు ఆ డీలర్ల దగ్గరున్న టైరు తేల్చాలి.

సైజు మారితే చక్రం ఎత్తు ఎంత మారుతుందో ఒకసారి చూద్దాం. కంపెనీ 185/60 ఆర్15 మొత్తం వ్యాసం 603 మి.మీ. తర్వాతి జీటీలకి కంపెనీయే ఇచ్చిన 195/55 ఆర్16 వ్యాసం 621. 205/50 ఆర్16 అయితే 611, 205/45 ఆర్17 అయితే 616. స్పీడోమీటరు పరంగా ఇవన్నీ మూడు శాతం లోపే, అక్కడ పేచీ లేదు. తేడా అంతా పక్కగోడ ఎత్తులో ఉంది. 195/55 ఆర్16కి అది 107 మి.మీ., 205/50కి 102. 205/45 ఆర్17కి వచ్చేసరికి 92కి పడిపోతుంది. గుంతలో పడ్డప్పుడు రిమ్ము అంచుకీ రోడ్డుకీ మధ్య ఉండేది ఆ రబ్బరు గోడ, అందులో గాలి మాత్రమే. చవక 17 అంగుళాల రిమ్ము లోపలి అంచు వంకర పోయి బ్యాలెన్సింగ్ షాపుల చుట్టూ తిరిగేది అందుకే.

వెడల్పుకీ ఓ హద్దుంది. 195/55 టైరుకి 5.5 నుంచి 7 అంగుళాల రిమ్ము సరైనది, 205/50కి 7.5 దాకా వెళ్లొచ్చు. 195 టైరుని 7.5 మీదకి సాగదీస్తే అంచు రక్షణ పోతుంది. 7జే మీద ఈ రెండు టైర్లూ సుఖంగా కూర్చుంటాయి. అదీగాక 195/55 ఆర్16 కంపెనీ అదే మోడల్‌కి ఇచ్చిన సైజు కాబట్టి చెకింగ్‌లోనూ క్లెయిమ్‌లోనూ వాదన తక్కువ. ఏ సైజు వేసినా, కొత్త రిమ్ముల బిల్లు ఇన్సూరెన్సు వాళ్లకి పంపి నాన్-ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ కింద ఎక్కించుకోండి.

ఇప్పుడు ఆఫ్‌సెట్. షాపుల్లో ఎక్కువ అబద్ధాలు నడిచేది ఇక్కడే. "ఈటీ ఏదైనా పర్లేదు సార్, స్పేసర్ వేద్దాం" అంటే, అంటే హబ్బుకీ రిమ్ముకీ మధ్య బిళ్ల పెడదామంటే, బయటికి వచ్చేయండి. మీ పాత రిమ్ము వెనక ముద్ర చదవండి. 6జే, ఈటీ 40 అని ఉందనుకుందాం. రిమ్ము వెడల్పులో సగం 76.2 మి.మీ. దానికి ఈటీ కలిపితే 116.2, ఇది హబ్బు ముఖం నుంచి లోపలికి, అంటే స్ట్రట్ (చక్రం వెనకుండే సస్పెన్షన్ కాలు) వైపుకి. తీసేస్తే 36.2, ఇది బయటికి. కొత్తది 7జే, ఈటీ 38 అయితే సగం 88.9, లోపలికి 126.9, బయటికి 50.9. అంటే స్ట్రట్‌కి 10.7 మి.మీ. దగ్గరవుతుంది, ఫెండర్ వైపు 14.7 మి.మీ. జరుగుతుంది. అదే 7జే, ఈటీ 46 అయితే లోపలికి 18.7, బయటికి 6.7 మాత్రమే. షాపువాళ్లు చూపించే 7.5జే, ఈటీ 35 అయితే లోపలికి 14, బయటికి 24. నలుగురు ఎక్కి కూర్చుంటే ఆ 24 మి.మీ. వెనక ఫెండర్ అంచుని గీకడం మొదలెడుతుంది. స్టీరింగ్ కూడా బరువెక్కి గుంతల్లో చేతిని లాగుతుంది.

మీ బండిలో ఎంత చోటుందో కొలవడానికి పెద్ద పనిముట్లేం అక్కర్లేదు. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, మేస్త్రీలు గోడకి పట్టే తూకుగుండుని ఫెండర్ అంచు నుంచి వేలాడదీయండి. దారానికీ టైరు పక్కగోడకీ మధ్య దూరం రాసుకోండి. టైరు మారితే దాని వెడల్పు తేడాలో సగం కూడా లెక్కలో కలపాలి, 185 నుంచి 205కి వెళ్తే ఒక్కో వైపు 10 మి.మీ. లోపల స్ట్రట్‌కీ టైరుకీ మధ్య పిల్లలు ఆడుకునే మట్టి ముద్ద పెట్టి, చక్రం బిగించి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, మళ్లీ విప్పి ముద్ద ఎంత పలచబడిందో చూడండి. పైన లెక్కేసిన జరుగుబాటు తీసేశాక కనీసం 5 మి.మీ. మిగలాలి. మున్ముందు కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాక్ అబ్జార్బరు సెట్టు) వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి, ఎందుకంటే వాటి స్ప్రింగు కింది పళ్లెం కొన్నిసార్లు సరిగ్గా టైరు ఎత్తులోకి దిగి వస్తుంది. అప్పుడు ఈటీ 45 కన్నా 38 మేలు.

పీసీడీ, అంటే ఎన్ని బోల్టులు, అవి ఎన్ని మి.మీ. వ్యాసమున్న వలయం మీద ఉన్నాయనే కొలత. ఈ విషయంలో మీకు గందరగోళం తక్కువ. పోలో, వెంటో, రాపిడ్, ఇప్పటి వర్టస్, స్లావియా అన్నీ 5×100, మధ్య రంధ్రం 57.1. కొత్త తరాల ఆక్టేవియా 5×112, రూపం చూసి మోసపోకండి. కొన్ని సుబారు బండ్ల రిమ్ములు, టొయోటా 86 రిమ్ములు కూడా 5×100 కాబట్టి విదేశం నుంచి తెప్పించుకునే వాళ్లు వాటి మీద కన్నేస్తుంటారు. వాటి మధ్య రంధ్రం 56.1. మీ హబ్బు 57.1. ఒక్క మిల్లీమీటరే, కానీ ఎక్కదు. లేత్‌లో కోయించాలి, ఆ పని తిన్నగా జరగకపోతే రిమ్ము జీవితాంతం వణుకుతుంది. నాలుగు బోల్టుల బండ్లవాళ్లూ ఇది చదువుతుంటే ఓ మాట: స్విఫ్ట్, ఐ20, సిటీ 4×100. ఫియట్ పుంటో 4×98. ఫోర్డ్ ఫిగో 4×108. 98కీ 100కీ తేడా కంటికి కనబడదు, బోల్టు ఎక్కినట్టే ఉంటుంది, కానీ వంకరగా కూర్చుని కొన్నాళ్లకి వదులవుతుంది. పాత రిమ్ముకి కొత్త రంధ్రాలు వేసి ఇస్తామనే వాళ్లని ట్రాక్ బండి దరిదాపులకి రానివ్వకండి.

ఆఫ్టర్‌మార్కెట్ రిమ్ముల మధ్య రంధ్రం సాధారణంగా 73.1 ఉంటుంది, అన్ని బండ్లకీ సరిపోవాలని. 73.1కీ 57.1కీ మధ్య ఖాళీని హబ్ రింగు నింపుతుంది. రింగు పని బరువు మోయడం కాదు, బోల్టులు బిగించేటప్పుడు రిమ్ముని నడిమధ్యలో నిలబెట్టడం. బరువుని మోసేది బోల్టుల బిగింపు వల్ల హబ్బు ముఖానికీ రిమ్ముకీ మధ్య పుట్టే రాపిడి. రింగు లేకపోతే 80, 110 మధ్య వేగంలో స్టీరింగ్ వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. ప్లాస్టిక్ రింగు రోడ్డుకి చాలు. ట్రాక్ మీద డిస్కు వేడికి అది మెత్తబడి వంగుతుంది. అల్యూమినియం రింగులు నాలుగూ కలిపి రిమ్ముల ధర ముందు లెక్కలోకి రాని ఖర్చు, అవే తీసుకోండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు బోల్టు సీటు, అంటే రిమ్ములో బోల్టు తల ఆనే గుంట. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ బోల్టు తల కింద గుండ్రంగా, బంతి ముక్కలా ఉంటుంది, ఎం14×1.5 (14 మి.మీ. బోల్టు, మరకీ మరకీ మధ్య 1.5 మి.మీ.), ఆర్13 (ఆ బంతి వ్యాసార్థం 13 మి.మీ.). ఆఫ్టర్‌మార్కెట్ రిమ్ముల్లో దాదాపు అన్నిటికీ 60 డిగ్రీల కోను సీటు. పాత బోల్టులతోనే కొత్త రిమ్ము బిగిస్తే బంతి కోనులో ఒక సన్నని గీత మీద మాత్రమే ఆనుతుంది. టార్క్ రెంచి (పెట్టిన బిగువు రాగానే చప్పుడు చేసే పానా) టిక్ అంటుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. రెండు వందల కిలోమీటర్లకి ఆ గీత నలిగి బిగింపు పోతుంది. కోను బోల్టులు ఇరవై కొత్తవి కొనాల్సిందే. హోండా వాళ్లకీ ఇదే సమస్య, కంపెనీ నట్లు బంతి సీటు. సుజుకీ, హ్యుందాయ్ కోనే, కాకపోతే సుజుకీ మర ఎం12×1.25, హ్యుందాయ్‌ది ఎం12×1.5. ఒకటి తెచ్చి ఇంకోదానికి ఎయిర్ గన్‌తో ఎక్కిస్తే మర ఊడి చేతికొస్తుంది.

బోల్టు పొడవు కూడా చూడాలి. రిమ్ము మందం మారుతుంది కాబట్టి పాత పొడవు సరిపోతుందని అనుకోవద్దు. చేత్తో తిప్పితే ఎం14 బోల్టు కనీసం తొమ్మిది చుట్లు లోపలికి వెళ్లాలి, అంటే దాదాపు దాని వ్యాసమంత లోతు. ఎక్కువ పొడవున్నా ప్రమాదమే. మీ బండికి వెనక డ్రమ్ము బ్రేకులు. బోల్టు హబ్బు దాటి లోపలికి పొడుచుకొస్తే డ్రమ్ములోని షూలకీ స్ప్రింగులకీ తగులుతుంది. వెనక చక్రాలు బిగించాక జాకీ మీదే ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి. టక్ టక్ అంటే బోల్టు పొడవే.

ఇక రిమ్ము నాణ్యత. నలభై వేలలో మీకు వచ్చేది పోత పోసిన రిమ్ము, ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టిగా నొక్కి మలిచినది) కాదు. అందులో తప్పు లేదు. పోతలో కూడా లో ప్రెషర్ పద్ధతి మామూలు గ్రావిటీ పోత కన్నా మేలు, లోపల బుడగలు తక్కువ. ఫ్లో ఫార్మ్‌డ్ అయితే పోత పోశాక అంచు భాగాన్ని వేడి మీద రోలర్లతో లాగుతారు. అంచు పలచగా, గట్టిగా వస్తుంది, రిమ్ముకి ఒకటి రెండు కేజీలు తగ్గుతుంది. సెట్టు బడ్జెట్ దాటుతుంది గానీ, పండగ ఆఫర్లలోనూ సెకండ్ హ్యాండ్‌లోనూ కనిపిస్తే వదలొద్దు. "ఫోర్జ్‌డ్ లుక్" అనే మాటకి మాత్రం ఏ అర్థమూ లేదు.

వెనకవైపు ముద్రలు చదవండి. మన దేశంలో ప్యాసింజర్ కార్ రిమ్ములకి ఐఎస్ 9436 ప్రమాణం, ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. జపాన్ వాళ్ల జేడబ్ల్యూఎల్ గుర్తు తయారీదారు తనే పరీక్షించుకుని వేసుకునేది. దాని పక్కన వీఐఏ గుర్తు కూడా ఉంటే బయటి సంస్థ దగ్గర నమోదైందని అర్థం. పేరున్న డిజైన్లకి నకళ్లు చాలా ఉన్నాయి. వాటి మీద జేడబ్ల్యూఎల్ అని పోతలోనే అచ్చు వేసేస్తారు గానీ లోడ్ రేటింగ్ ఉండదు. లోడ్ రేటింగ్ లేని రిమ్ము కొనొద్దు. లెక్క తేలిక: మీ డోరు దగ్గరి ప్లేటు మీద ముందు యాక్సిల్‌కి ఇచ్చిన గరిష్ఠ బరువులో సగం కన్నా రిమ్ము రేటింగ్ ఎక్కువ ఉండాలి. 900 కేజీల యాక్సిల్‌కి 450 కనీసం, ట్రాక్‌కి 550 పైన ఉంటే నిశ్చింత. టైరు లోడ్ సూచిక కూడా కంపెనీ టైరు కన్నా తగ్గకూడదు. 84 అంటే 500 కేజీలు, 87 అంటే 545.

ఆటోనగర్‌కో రాణీగంజ్‌కో వెళ్తే చేతిలో ఒక లగేజీ తూచే స్ప్రింగు కాటా పెట్టుకోండి. షాపువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. 16×7 రిమ్ము ఒట్టిది 8 కేజీల లోపు ఉంటే ఈ ధరకి బాగుంది. 9 దాటితే డిజైను ఎంత బాగున్నా వేరేది చూడండి. చవక 17 అంగుళాలవి 10, 11 కేజీలు తూగేవి మామూలే. తిరిగే బరువు కాబట్టి అంచు దగ్గర పెరిగిన ఒక్కో కేజీ, బండి వేగం పుంజుకునేటప్పుడు కేజీన్నర నుంచి రెండు కేజీలకి సమానం. దానికి తోడు స్ప్రింగు కింద వేలాడే బరువు, గతుకుల్లో టైరు రోడ్డుని వదిలేస్తుంది. ఒక్కో చక్రానికి మూడేసి కేజీలు పెంచుకుని ఆ మీదట ఇంజన్ ట్యూనింగ్‌కి డబ్బు పెట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

టైరు ఎక్కించే ముందు ఒట్టి రిమ్ముని బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించండి. లోపలి, బయటి అంచుల దగ్గర ఒక స్క్రూడ్రైవరు మొన ఆనీ ఆనకుండా పట్టుకుంటే ఊగులాట కంటికి కనిపిస్తుంది. డయల్ గేజి ఉంటే అర మిల్లీమీటరు లోపు ఉండాలి. బిల్లు మీద "టైరు ఎక్కించాక వాపసు లేదు" అని రాసి ఉంటుంది, అందుకే ఈ పరీక్ష ముందే. అతికించే సీసపు బిళ్లలు రిమ్ము లోపల వేయిస్తే ట్రాక్ వేడికి జిగురు కరిగి ఊడతాయి. అతికించే ముందు స్పిరిట్‌తో తుడిపించండి, పైన అల్యూమినియం టేపు వేయించండి.

సెకండ్ హ్యాండ్ కంపెనీ రిమ్ములు మీ బడ్జెట్‌లో అన్నిటికన్నా తెలివైన బేరం అని నా అభిప్రాయం. ఇదే గ్రూపు బండ్ల యజమానులు పెద్ద రిమ్ములకి మారి 16 అంగుళాల కంపెనీవి అమ్మేస్తుంటారు. 57.1 రంధ్రం, బంతి సీటు, లోడ్ రేటింగ్ అన్నీ సరిగ్గా ఉంటాయి, కొత్త బోల్టులూ రింగులూ అక్కర్లేదు. ఈటీ ఒక్కటి చదువుకోండి. వాటిని కొనేటప్పుడు లోపలి వైపు బ్రేకు మసి అంతా కడిగించి చూడాలి. ఊచలు మొదలయ్యే చోట, బోల్టు రంధ్రాల చుట్టూ, లోపలి అంచు మీద వెంట్రుక లాంటి గీత ఉందేమో వెతకండి. అనుమానంగా ఉంటే డై పెనెట్రెంట్ స్ప్రే వేయించండి. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి కొడితే పగులు ఉన్న చోట ఎర్ర గీత పైకి తేలుతుంది. కొత్తగా రంగు వేసిన సెకండ్ హ్యాండ్ రిమ్ముని నమ్మకండి, రంగు కింద వెల్డింగ్ ఉండొచ్చు. లోపలి అంచుకి చిన్న వంకర ఉంటే హైడ్రాలిక్ ప్రెస్‌తో చల్లగానే సరిచేస్తారు, అది ఫర్వాలేదు. గ్యాసు మంట పెట్టి ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టింది మాత్రం రోడ్డుకీ పనికిరాదు. ఆ వేడికి అలాయ్‌కి ఇచ్చిన హీట్ ట్రీట్‌మెంట్ పోయి అక్కడ లోహం మెత్తబడుతుంది. వెల్డింగ్ చేసిన రిమ్ము ట్రాక్‌కి అసలు తీసుకెళ్లకండి.

స్పేసర్ల గురించి ఒక్క మాటే. 3, 5 మి.మీ. బిళ్లలు పెడితే రిమ్ము పట్టుకునే హబ్బు అంచు ఆ మేరకు పొట్టిదవుతుంది, బోల్టు పట్టు కూడా తగ్గుతుంది. సరైన ఈటీ కొంటే వాటితో పని లేదు.

బిగించే విధానం. హబ్బు ముఖం మీద తుప్పు వైరు బ్రష్‌తో గీకి తీసేయాలి, అక్కడ మందంగా తుప్పున్నా, రిమ్ము వెనక ముఖానికి మందంగా పౌడర్ కోటింగ్ ఉన్నా బిగింపు నిలవదు. బోల్టు మరకి గ్రీజు రాయకూడదు, టార్క్ లెక్క పొడి మరకి ఇచ్చింది. గ్రీజుతో అదే టార్క్ పెడితే బోల్టు అవసరానికి మించి సాగుతుంది. చేత్తో అన్నీ ఎక్కించి, నక్షత్రం ఆకారంలో ఒకటి విడిచి ఒకటి, మొదట 60, తర్వాత 120 న్యూటన్ మీటర్లు. ఎయిర్ గన్‌తో పూర్తిగా బిగించనివ్వద్దు. కొత్త రిమ్ముకి సీటులోని రంగు నలిగి సర్దుకుంటుంది కాబట్టి 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. ట్రాక్ రోజున ప్రతి సెషన్‌కి ముందు, చక్రాలు చల్లారి ఉన్నప్పుడు ఒక చుట్టు. వేడి మీద బిగించకండి, చల్లారాక బిగింపు మారిపోతుంది. టార్క్ రెంచి సొంతానికి ఒకటి కొని డిక్కీలో పడేయండి.

ఖర్చు ఎలా పంచాలంటే, నలభైలో రిమ్ములకి ముప్పై, ముప్పై రెండు దాటనివ్వకండి. మిగిలింది కోను బోల్టులు, అల్యూమినియం రింగులు, టార్క్ రెంచి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్‌కి. ఇవి వదిలేసి మొత్తం రిమ్ముల మీద పోస్తే పైన చెప్పిన బోల్టు సీటు కథ మీదే అవుతుంది. కంపెనీ సెకండ్ హ్యాండ్ సెట్టు దొరికితే మిగిలే డబ్బుతో బ్రేకు ఫ్లూయిడ్ మార్చి, ముందు ప్యాడ్లు మంచివి వేయించండి. మీ బండికి ట్రాక్ మీద ముందు చేతులెత్తేసేది బ్రేకులే.

చాలామంది మర్చిపోయేది స్టెప్నీ. అది ఇనప రిమ్ము, దానికి బంతి సీటు. కొత్త కోను బోల్టులతో దాన్ని బిగించకూడదు. పాత కంపెనీ బోల్టులు ఐదు ఒక గుడ్డ సంచిలో కట్టి స్టెప్నీ గుంటలోనే పెట్టండి. లాక్ బోల్టులు వేయిస్తే దాని తాళం కూడా అదే సంచిలో వేయండి, లేకపోతే ఏ అర్ధరాత్రో సింగరాయకొండ దగ్గర పంక్చరైతే జాకీ ఎత్తి చక్రాన్ని చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.